ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదీ నలభై దాకా

చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్ష చేసే ఆవిడని అందరూ చెవుల మేడం అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, పంతొమ్మిదేళ్లుగా అదే ఖాయమైపోయింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఇంట్లో కూడా దాంతో పిలిచేవాళ్లు లేరు. మొగుడు కప్పు మీద చెంచాతో టింగుటింగుమని కొడతాడు, ఆవిడ వెళ్తుంది.

కప్పు సంగతి తర్వాత చెబుతాను. తలుచుకుంటే ఇప్పుడే ఒళ్లు మండుతోంది. ముందు ఆవిడ పనిచేసే గది గురించి తెలియాలి.

అది గదిలో ఇంకో గది. జానెడు మందం గోడలు, లోపలంతా మెత్తటి స్పాంజి, ఒకదాని వెనక ఒకటి రెండు బరువైన తలుపులు, మనిషి మొహం పట్టేంత అద్దం కిటికీ. లోపల ఒక కుర్చీ, హెడ్‌ఫోన్లు, చేతిలో పట్టుకోవడానికి ఒక మీట. పేషెంటు లోపల కూర్చుంటే మేడం బయట మెషిన్ దగ్గర కూర్చుంటుంది. మెషిన్ ‘కూ’ అంటుంది. కాసేపు సన్నగా, కాసేపు లావుగా, రానురాను మెల్లగా. వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. ఎర్ర రంగుది కుడి చెవికి, నీలం రంగుది ఎడమ చెవికి. చివర్లో వచ్చే అంకె ఎంత తక్కువైతే చెవి అంత మంచిది. పది వచ్చిందంటే దివ్యంగా ఉన్నట్టు. అరవై వచ్చిందంటే పక్కన కూర్చుని మాట్లాడినా ఆ చెవికి అందదు.

ఆవిడకి ఈ పని నేర్పిన గురువుగారు ఇప్పుడు లేరు. మొదటి రోజే ఆయన ఒక నల్ల అట్ట పుస్తకం చేతికిచ్చి ఒక మాట చెప్పారు. “మెషిన్ నిజం చెబుతోందో, అబద్ధం చెబుతోందో నీకెలా తెలుస్తుందమ్మా? నీకు బాగా తెలిసిన చెవి ఒకటుండాలి. అది నీదే. రోజూ పొద్దున్నే ముందు నీ చెవులు చూసుకో. ఆ తర్వాతే ఊళ్లోవాళ్లవి. అంకె మారిందా, మెషిన్ పాడైనట్టు. లేదంటే నువ్వు పాడైనట్టు. ఏదైనా ఆ రోజే తెలిసిపోవాలి.”

అలా రోజూ ఎనిమిదిన్నరకి మెషిన్‌ని దానంతటది నడిచేలా పెట్టి, రెండు తలుపులూ వేసుకుని, మేడం లోపల కూర్చునేది. పది నిమిషాలు. ఎనిమిదీ నలభైకి బయటికొచ్చి తేదీ వేసి, కుడి చెవి అంకె, ఎడమ చెవి అంకె రాసి సంతకం పెట్టేది. పుస్తకం మీద రాసుకోవడానికి అది మెషిన్ పరీక్ష. కానీ అసలు సంగతి వేరు. ఆ పెట్టెలో గుటక వేస్తే ఆ చప్పుడు వినిపిస్తుంది. ఊపిరి వినిపిస్తుంది. కాసేపు కదలకుండా ఉంటే గుండె కొట్టుకోవడం కూడా వినిపిస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో ఎవరూ ఏదీ అడగని పది నిమిషాలు అవి. అందులోంచి బయటికొచ్చాక ఎంతమంది చెవిటివాళ్లతో అరిచి మాట్లాడాల్సి వచ్చినా ఆవిడకి విసుగొచ్చేది కాదు.

పద్దెనిమిదేళ్లు అలా జరిగింది. తర్వాత మొగుడు మెట్ల మీద జారిపడ్డాడు.

ఆయన కారు నడపడం నేర్పే మాస్టారు. బ్రేకు ఎప్పుడు వెయ్యాలో వేలమందికి నేర్పినవాడు, సొంత ఇంటి మెట్ల మీద తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఈ కథ జరిగేనాటికి అది పదకొండు నెలల కిందటి మాట. ఒక ఆపరేషన్, లోపల చీము, మళ్లీ ఆపరేషన్. పాపం, నొప్పి నొప్పే. దాన్ని తక్కువ చేసి చెప్పడానికి నాకు నోరు రాదు. ఒళ్లు తుడవడం, మంచం దులపడం, కట్టు మార్చడం, మందులు, వంట, బట్టలు, మళ్లీ సాయంత్రం ఇదంతా తిరగేసి చేయడం, అన్నీ మేడం మీదే పడ్డాయి. సాయానికని ఆడపడుచు పక్క వీధి నుంచి రోజూ వచ్చేది. వచ్చి అన్నయ్య పక్కన కుర్చీ వేసుకుని, “ఎంత చిక్కిపోయావు అన్నయ్యా” అని కళ్లొత్తుకుని, టీ తాగి, ఆ గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయేది. అదీ సాయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టరుగారు ఒక పొద్దున మెషిన్ గది గుమ్మంలో నిలబడ్డాడు.

“మేడం, ఎనిమిదిన్నరకి ఒక్క పేషెంటుని చూసేద్దామా? పాపం, తొందరలో ఉన్నాడు. ఒక్కడే.”

ఒక్కడే అన్నాడు కదా అని ఆవిడ ఆ పూట లోపలికి వెళ్లలేదు. పుస్తకం తీసి, నిన్నటి అంకెలే ఈరోజు తేదీ కింద వేసింది. ఒక్కరోజే కదా. మర్నాడు ఇంట్లో పక్కబట్టలు మార్చేసరికి ఆలస్యమైంది. ఆ మర్నాడు మళ్లీ ఇంకో ఒక్కడే. వారం తిరిగేసరికి ఎనిమిదిన్నరకి పేషెంటు అనేది ఆసుపత్రి పద్ధతి అయిపోయింది. ఆవిడ చెయ్యి మాత్రం రోజూ పుస్తకంలో అవే అంకెలు వేస్తూ పోయింది. కుడి పది, ఎడమ పది. కుడి పది, ఎడమ పది. సంతకం.

ఈ కథలో డాక్టరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టి ఊరుకునేవాళ్లం. ఆయన సిబ్బంది మంచిచెడ్డలు పట్టించుకుంటాడని పేరు తెచ్చుకోవాలని తాపత్రయపడే రకం. అందుకే నాలుగు నెలల కిందట ఒక శిక్షకురాల్ని పిలిపించాడు. ఆవిడ మెత్తటి గొంతు, మెత్తటి చెప్పులు వేసుకుని వచ్చి, అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమంది. “మీతో మీరు మాట్లాడుకోండి. ఎలా ఉన్నావు అని మిమ్మల్ని మీరు అడగండి. ఎంత కష్టకాలమైనా రోజుకి పది నిమిషాలు, పదంటే పదే, మీకోసం పెట్టుకోండి” అంది. ఇదంతా సరిగ్గా భోజనాల వేళ జరిగింది. చెవుల మేడం ఆకలితో కళ్లు మూసుకుని, తనని తాను ఎలా ఉన్నావని అడిగే బదులు, ఇంట్లో ఆయనకి పెరుగు ఉందా లేదా అని ఆలోచించింది. చివర్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది డాక్టరే. తలా ఒక పింగాణీ కప్పు ఇచ్చి పంపారు. దాని మీద ఎర్రటి అక్షరాలతో ‘ముందు నువ్వు’ అని రాసుంది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి ఆయన ఇద్దరు పేషెంట్లని పంపాడు.

కప్పు ఇంటికి చేరింది. అంతకుముందు మొగుడు స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి పిలిచేవాడు. పింగాణీ మీదైతే చప్పుడు ఇంకా బాగా వస్తోందని దాన్ని మంచం పక్కన పెట్టుకున్నాడు. నీళ్లకి టింగు. టీవీ రిమోటుకి టింగుటింగు. దోమ కనిపిస్తే టింగుటింగుటింగు. ‘ముందు నువ్వు’ అని రాసిన కప్పు మీద. నేను అతిశయోక్తి చెప్పడం లేదు.

ఆ మధ్య అందరూ ఆవిడ మీద ఒకటే ఫిర్యాదు. పిలిస్తే పలకడం లేదట. “వదినకి ఈమధ్య మరీ నిర్లక్ష్యం ఎక్కువైంది. అన్నయ్య అరగంట నుంచి కొడుతుంటే ఉలకదు, పలకదు” అని ఆడపడుచు. “మేడం, వెనకాల నుంచి పిలుస్తుంటే వెళ్లిపోతున్నారేంటి? కోపమా?” అని డాక్టరు. ఆవిడా అవునేమో అనుకుంది. నిద్ర లేదు, మనసు మనసులో లేదు, అందుకే మాట తలకెక్కట్లేదు అనుకుంది. ఫోను కుడి చెవికి పెట్టుకోవడం అలవాటైంది. ఎందుకని ఆలోచించలేదు. ఆలోచించడానికి కూడా ఒక చోట కూర్చోవాలి కదా.

అలాంటి ఒక మంగళవారం ఒక లారీ మెకానిక్ వచ్చాడు. చేతులు ఎంత కడిగినా పోని నూనె నలుపు, నలభై దాటిన మనిషి. ఒక చెవి మూసుకుపోయినట్టు ఉందట, రెండు నెలలైందట. పరీక్ష చేస్తే చెవి పోయినట్టు తేలింది. ఇలాంటివాళ్లని చూస్తే మేడంకి మొదట్నుంచీ కోపం. చెవి ఒక్కసారిగా మూసుకుపోయినట్టుంటే రెండు వారాల్లోపు రావాలి, అప్పుడైతే మందులతో తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. తర్వాత వస్తే చేతులెత్తేయడమే. ఈ సంగతి రోజుకి పదిసార్లు చెప్పి చెప్పి ఆవిడ నోరు పడిపోయింది.

“రెండు నెలలు ఏం చేస్తున్నారండీ? అది మీ చెవే కదా, పక్కింటివాళ్లది కాదు కదా! ఒక్కపూట ఖాళీ చేసుకోలేరా?”

మెకానిక్ ఆవిడ ఎడమ పక్కన కూర్చుని ఏదో అన్నాడు. ఆవిడ కాగితం మీద గీత గీస్తూనే ఉంది. మళ్లీ అన్నాడు. చివరికి మేజా మీద వేలితో కొట్టి, ఆవిడ తలెత్తాక, నవ్వుతూ అన్నాడు. “మూడుసార్లు చెప్పాను మేడం. మీక్కూడా నాలాగే ఉన్నట్టుంది. ముందు మీ చెవి చూపించుకోండి.”

గుమ్మంలో కూర్చున్న పేషెంట్లు పకపకా నవ్వారు. మేడం నవ్వలేదు.

భోజనం వేళ అందరూ వెళ్లాక మెషిన్‌ని దానంతటది నడిచేలా పెట్టి, లోపలికి వెళ్లి, రెండు తలుపులూ వేసుకుంది. దాదాపు పది నెలల తర్వాత ఆ కుర్చీలో కూర్చోవడం. ఎర్ర రంగుది మొదలైంది. కూ. నొక్కింది. ఇంకా మెల్లగా కూ. నొక్కింది. పదికి వచ్చి ఆగింది. పాత చుట్టాన్ని చూసినట్టయింది. తర్వాత నీలం రంగుది మొదలవ్వాలి.

మొదలవలేదు. ఆవిడ ఎదురుచూసింది. తీగ ఊడిందేమోనని తడిమింది. ఊడలేదు. మీట చేతిలోనే ఉంది. చాలాసేపటి తర్వాత ఎక్కడో దూరంగా, గోడ అవతల ఎవరో మూలిగినట్టు చిన్న కూత వినిపించింది. నొక్కింది. బయటికొచ్చి చూస్తే మెషిన్ మీద అరవై.

మెషిన్ పాడైందనుకుంది. అలా అనుకోవడానికి ఎంత ఆశపడిందో చెప్పలేను. మళ్లీ లోపలికెళ్లి హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకుంది, ఎర్రది ఎడమ చెవికి, నీలం కుడి చెవికి. మెషిన్ పాడైతే ఇప్పుడు కుడి చెవికి వినిపించకూడదు. కుడి చెవికి శుభ్రంగా వినిపించింది. ఎర్రది మాత్రం ఎడమ చెవిలో నోరు మూసుకుని కూర్చుంది. మెషిన్ బాగానే ఉంది. పాడైంది తనే.

అప్పుడు గుర్తొచ్చింది. మొగుడి రెండో ఆపరేషన్ వారం. ఏడు నెలల కిందట. ఎముకల ఆసుపత్రి బెంచీ మీద నిద్ర లేచేసరికి ఎడమ చెవి బిగుసుకుపోయి, లోపల జోరీగ రొద. జలుబు అనుకుంది. సాయంత్రానికి పోతుందిలే అనుకుంది. అటు తర్వాత ఆ చెవి గురించి ఆవిడ ఒక్కసారి కూడా అనుకోలేదు. పదంటే పదే నిమిషాలు ఆ కుర్చీలో కూర్చుని ఉంటే మర్నాడే అరవై కనిపించేది. తను పనిచేసే ఆసుపత్రిలోనే, పది అడుగుల దూరంలో డాక్టరు ఉన్నాడు, మందులున్నాయి. లోకమంతటికీ రెండు వారాల గడువు చెప్పే మనిషి, తన చెవి పోయిందని ఏడు నెలలు చూసుకోలేదు. పైగా రోజూ పొద్దున్నే ‘ఎడమ పది’ అని రాసి సంతకం పెట్టింది.

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. అరికాలి నుంచి కోపం వచ్చింది. ఆ పెట్టెలో కూర్చుని, గొంతు చించుకుని ఒక్క కేక వేసింది. జానెడు మందం గోడలు కాబట్టి బయట ఎవరికీ వినిపించలేదు. ఆవిడకే సగం వినిపించింది.

పరీక్ష కాగితం తీసుకుని, పేరు రాయకుండానే డాక్టరు గదికి వెళ్లింది. ఆయన కాగితం వైపు ఒక్క చూపు చూశాడు.

“ఎవరిదండీ?”

“ఒకావిడది.”

“ఎన్నాళ్లయిందట?”

“ఏడు నెలలు.”

“ఏడు నెలలా! ఇంకేముంది మేడం, చేసేదేమీ లేదు. చెవికి మిషన్ పెట్టించుకోమనండి. మనుషులకి ఒంటి మీద బొత్తిగా శ్రద్ధ ఉండదు కదా. ఇన్నాళ్లూ ఏం చేస్తోందట ఆ మహాతల్లి?”

“ఎనిమిదిన్నరకి మీ పేషెంట్లని చూస్తోందండీ.”

డాక్టరు తల ఎత్తాడు. కాగితాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. లేచొచ్చి, తనే లైటు పెట్టి చెవిలో చూశాడు. గుబిలి లేదు, వాపు లేదు, తేలిగ్గా పోయేది ఏదీ లేదు. “అయ్యో మేడం... ఒక్కమాట చెప్పి ఉంటే...” అన్నాడు.

“చెప్పడానికి ముందు నాకు తెలియాలి కదండీ. తెలియడానికి ఆ పది నిమిషాలూ కావాలి. వాటిని మీరు ఒక్కడే, ఒక్కడే అంటూ తీసుకున్నారు. నేను ఇచ్చాను. ఇచ్చినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి, అది వేరే సంగతి.”

నల్ల అట్ట పుస్తకం ఆయన ముందు పడేసింది. పేజీ తర్వాత పేజీ. కుడి పది, ఎడమ పది. ఆయన పేజీలు తిప్పాడు. ఆయనకి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. అర్థమవగానే గొంతు తగ్గించాడు.

“వచ్చే వారం తనిఖీకి వస్తున్నారు. ఈ పుస్తకం అడుగుతారు. మెషిన్ ఎలాగూ బాగానే ఉందిగా? దీన్ని ఇలాగే వదిలేయండి. ఎవరికీ తెలియదు కదా.”

“ఎవరికీ తెలియకే కదండీ చెవి పోయింది!”

ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం ఆ ఆసుపత్రి గోడలు ఎప్పుడూ వినలేదు. వరండాలో నర్సులు ఆగిపోయారు. మెషిన్ బాగుండటం అదృష్టం. పాడై ఉంటే ఈ పది నెలల్లో ఎంతమందికి తప్పుడు కాగితం ఇచ్చి పంపేదో! ఆయన ముందే కలం తీసి, తను పరీక్ష మానేసిన రోజు దగ్గర అడ్డంగా గీత కొట్టి, ‘ఇక్కడి నుంచి పరీక్ష చేసుకోలేదు, పాత అంకెలే వేశాను’ అని రాసి, కింద ఆ రోజు తేదీ, కుడి పది, ఎడమ అరవై అని వేసి, సంతకం పెట్టింది.

“రేపటి నుంచి ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదీ నలభై దాకా నా తలుపు వేసుంటుంది.”

“సరేలెండి, చూద్దాం.”

“చూడ్డానికేం లేదు. వేసుంటుంది.”

ఇంటికెళ్లేసరికి ఆడపడుచు ఉంది. మొగుడు మంచం మీద ఉన్నాడు. టీవీ నడుస్తోంది. మేడం సంచీ కింద పెట్టి, వంటింట్లో కుర్చీలో కూర్చుంది. ఊరికే కూర్చుంది. రెండు నిమిషాలకే మొదలైంది. టింగుటింగు. కుడి చెవికి చక్కగా వినిపించింది. కదల్లేదు. టింగుటింగుటింగు. పైట సర్దుకుంటూ ఆడపడుచు గుమ్మంలోకి వచ్చింది.

“వదినా, అన్నయ్య ఇందాకట్నుంచి కొడుతున్నాడు. వినపడట్లేదా?”

“వినపడట్లేదు. ఎడమ చెవి పోయింది.”

“ఊరుకో వదినా, ఏం మాటలవి!”

“మీ అన్నయ్య రెండో ఆపరేషన్ అప్పుడు పోయింది. ఇవాళ తెలిసింది. ఇక రాదు.”

ఆడపడుచు రాయి కాదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. దగ్గరకొచ్చి, భుజం మీద చెయ్యేసి, “నువ్వు కాస్త నీ ఆరోగ్యం కూడా చూసుకోవాలి వదినా. నీకంటూ కొంచెం టైం పెట్టుకోవాలి” అంది.

చెవుల మేడం ఆ చేతిని భుజం మీంచి తీసి పక్కన పెట్టింది.

“ఎప్పుడు పెట్టుకోను? చెప్పు. నువ్వే చెప్పు. ఐదుకి లేస్తాను. ఆరుకి మీ అన్నయ్య ఒళ్లు తుడుస్తాను. ఏడింటికి కట్టు మారుస్తాను. ఎనిమిదికి బస్సు. సాయంత్రం ఆరుకి వచ్చి, నువ్వు తాగిన గ్లాసు కడిగి, వంట చేసి, మళ్లీ కట్టు. ఇందులో ఎక్కడ పెట్టుకోమంటావు? ఏ సందులో? పెట్టుకో, పెట్టుకో అని అందరూ చెప్పేవాళ్లే. ఇదిగో, ఈ పని నేను చేస్తాను, నువ్వు వెళ్లు అని ఒక్కళ్లూ అనరే!”

లోపలి నుంచి మొగుడు “ఏమైందే?” అన్నాడు. ఆవిడ వెళ్లింది. కప్పు చేతిలోకి తీసుకుంది. గోడకేసి కొట్టాలన్నంత కసి వచ్చింది. చెయ్యి పైకి లేచింది కూడా. కొడితే ఆ ముక్కలు ఊడ్చాల్సిందీ తనే అని గుర్తొచ్చి, దించింది.

“ఎముకల డాక్టరు మిమ్మల్ని ఎప్పట్నుంచి నడవమన్నాడు?”

ఆయన కళ్లు దించుకున్నాడు. “మూడు నెలలవుతోంది.”

“కర్ర ఎక్కడుంది?”

“తలుపు వెనకాల.”

“ఎందుకు ముట్టుకోరు?”

“భయమే. మళ్లీ పడతానేమోనని.” ఎన్నో ఏళ్లు వేలమంది పక్కన కూర్చుని భయపడకండి, భయపడకండి అన్న మనిషి గొంతు అది. “కాలు కింద పెడితే ఒళ్లంతా వణుకుతోంది. నీకు చెబితే నవ్వుతావని...”

“నాకూ భయమేనండీ. నాకిక మిగిలింది ఒక్క చెవి. నవ్వే ఓపిక నాకెక్కడిది? రేపట్నుంచి పొద్దున ఒళ్లు మీరే తుడుచుకుంటారు. కట్టు మీ చెల్లెలు మారుస్తుంది. నేను ఎనిమిది బస్సుకి కాదు, ఏడున్నర బస్సుకి వెళ్తాను. ఏం కావాలన్నా లేచొచ్చి అడగండి. ఈ చెంచా మోతకి నేనిక రాను.”

గుమ్మంలో ఆడపడుచు, “నాకు కట్టు మార్చడం రాదు కదా వదినా” అంది మెల్లిగా.

“నాకూ రాదు. నేర్చుకున్నాను. ఆరున్నరకి రా, నేర్పుతాను.”

ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు. ఆవిడ మాత్రం తినేసి, కప్పు కడిగి, తన సంచీలో పెట్టుకుంది.

పొద్దున ఆరున్నరకి ఆడపడుచు వచ్చింది. మొహం గంటు పెట్టుకునే వచ్చింది, కానీ వచ్చింది. దూది ఎలా పట్టుకోవాలో రెండుసార్లు చూపించాక మూడోసారి తనే చేసింది. మేడం వంటింట్లోకెళ్లి డబ్బా సర్దుకుంటోంది. కాసేపటికి నేల మీద ఏదో అదిరినట్టయి వెనక్కి తిరగబోయేలోపు, ఎడమ పక్క నుంచి మొగుడు నెమ్మదిగా తిరిగి వచ్చి కుడి పక్కన నిలబడ్డాడు. చేతిలో కర్ర. నుదురంతా చెమట.

“అటు నిలబడి రెండుసార్లు పిలిచాను. నీకు వినపడలేదు” అన్నాడు. “నిజంగానే వినపడలేదు.”

“మరి నిన్న అబద్ధం చెప్పాననుకున్నారా?”

ఆయన నీళ్లు కావాలని వచ్చాడట. ఆవిడ బిందె వైపు చూపించింది కానీ ముంచి ఇవ్వలేదు. ఆయనే ముంచుకున్నాడు. సగం నేల మీద ఒలికింది. ఆవిడ ఆ నీళ్లు దాటి ఏడున్నర బస్సుకి వెళ్లిపోయింది.

ఎనిమిదిన్నరకి మెషిన్ నడిచేలా పెట్టి, రెండు తలుపులూ వేసుకుంది. ఎర్ర రంగుది ఎప్పట్లాగే వచ్చింది, వెళ్లింది. తర్వాత నీలం రంగుది. ఇప్పుడు ఆవిడకి తెలుసు, అరవై దాకా ఏమీ వినిపించదని. ఆ వినిపించని చోట కూర్చుని ఎదురుచూడటం ఎంత కష్టంగా ఉందంటే, లేచి పారిపోవాలనిపించింది. గుటక వేసింది. సగమే వినిపించింది. ఊపిరి సగం. గుండె మాత్రం రెండు చెవులతో సంబంధం లేకుండా దడదడా కొట్టుకుంటోంది. ఆవిడకి ఇంకా కోపంగానే ఉంది. డాక్టరు మీద, మొగుడి మీద, ఆ మెత్తటి గొంతావిడ మీద, రోజూ పది అని రాసిన తన చేతి మీద. ఆ కోపాన్ని ఆవిడ పొమ్మనలేదు. పదకొండు నెలల తర్వాత ఎవరికీ పెట్టక్కర్లేకుండా తనకంటూ మిగిలింది అదొక్కటే.

అద్దం మీద నీడ పడింది. డాక్టరు. వెనకాల ఒక ముసలాయన, ఆయన పక్కన ఇంకొకావిడ. డాక్టరు చేతి గడియారం చూపించి, ఒక వేలెత్తాడు. పెదవుల కదలికే చాలు, ఒక్కడే అంటున్నాడు.

మేడం తన చేతి గడియారం చూసింది. ఎనిమిదీ ముప్పై ఆరు. ఎడమ చేతి నాలుగు వేళ్లు ఎత్తి చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపి, అద్దం మీద కొట్టాడు.

ఆవిడ లేచి, కుర్చీని అద్దానికి వీపు పెట్టేలా తిప్పుకుని, మళ్లీ కూర్చుని మీట చేతిలోకి తీసుకుంది.